అమ్మకి నచ్చిన ఆ వంటల కబుర్ల షో ఎక్కడైనా దొరుకుతుందా?

2014లో అమ్మ ఆరు నెలలు న్యూజెర్సీలో మా దగ్గర ఉంది. మేం ఆఫీసుకి వెళ్లిపోతే, మధ్యాహ్నం ఒంటిగంటకి కంచంలో అన్నం పెట్టుకుని ఏబీసీ ఛానల్లో 'ద చ్యూ' చూస్తూ తినేది. ఇంగ్లిష్ రాదు, అయినా సాయంత్రం మాకు అంతా పూసగుచ్చినట్టు చెప్పేది. షో నడిపే ఐదుగురిలో కార్లా హాల్ అమ్మకి 'కళ్లజోడమ్మాయి', మైఖేల్ సైమన్ 'గుండాయన'. వండినదాన్ని ఐదుగురూ కబుర్లాడుకుంటూ కలిసి తినడమే అమ్మకి నచ్చింది. "ఒంటరిగా తిన్నట్టు ఉండదే" అనేది. (అప్పుడు నాకు కాస్త గిల్టీగా అనిపించిన మాట నిజం.)

2011లో మొదలైన ఆ షో 2018లో ఆగిపోయింది. నాన్న పోయాక తెనాలిలో ఒక్కతే ఉంటున్న అమ్మ, మొన్న ఫోన్‌లో మళ్లీ దాన్నే అడిగింది. యూట్యూబ్‌లో వెతికితే నాకు చిన్న చిన్న ముక్కలే కనిపించాయి. ఇండియాలో పూర్తి ఎపిసోడ్లు చూసే దారి ఎవరికైనా తెలుసా?

పోనీ, తెలుగులో అలాంటిది ఉన్నా చెప్పండి. యాంకర్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని "సూపర్" అనేసేవి మాత్రం వద్దు. నలుగురు కూర్చుని నిజంగా తినాలి.