ఏడేళ్ల బాబుకి బంతి పట్టుకోవడం రావట్లేదు, ఏం చేయాలి?

ఎంవీపీ అమ్మ:
మా బాబుకి జూన్‌లో ఏడు నిండాయి, రెండో క్లాసు. ఆదివారం ఆర్కే బీచ్‌లో వాళ్ల నాన్న రబ్బరు బంతి వేస్తే, అది దగ్గరికి వచ్చేసరికి కళ్లు గట్టిగా మూసుకుని మొహం పక్కకి తిప్పేస్తాడు. వాడు చేతులు దగ్గరికి తెచ్చేలోపు బంతి ఇసుకలో ఉంటుంది. అపార్ట్‌మెంట్ పిల్లలు ఆటలోకి తీసుకోవడం మానేశారు. నిన్న "అమ్మా, నేను కిందకి వెళ్లను" అన్నాడు. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. వయసు పెరిగితే అదే వస్తుందా?

గాజువాక డ్రిల్లు మాస్టారు:
అమ్మా, ముప్పై ఏళ్లు పిల్లల్ని ఆడించినవాణ్ణి. వయసు ఒక్కటే తెచ్చిపెట్టదు. ఎదిగేకొద్దీ ఒళ్లు సిద్ధమవుతుంది, పట్టు మాత్రం ఆడితేనే వస్తుంది. మూడు నాలుగేళ్లప్పుడు పిల్లలు బంతిని రెండు చేతులతో గుండెకి హత్తుకుంటారు. ఆరేడేళ్లకి మెల్లగా అరచేతుల్లోకి వస్తుంది. బంతి ఎక్కడికి వస్తుందో కన్ను ముందే పసిగట్టాలి, అప్పటికి చెయ్యి అక్కడ ఉండాలి. కళ్లు మూసుకుంటే ఆ లెక్క మొదలే కాదు. అందుకే ముందు భయం పోగొట్టండి.

రబ్బరు బంతి పక్కన పెట్టి బెలూన్‌తో మొదలెట్టండి. నెమ్మదిగా దిగుతుంది కాబట్టి కంటికి టైమ్ దొరుకుతుంది. తర్వాత పాత చీర ముక్కలతో గుడ్డ బంతి కట్టి, దానికి మీ స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించి "బొట్టు చూస్తూ పట్టుకో" అనండి. ఐదారు అడుగుల దూరం నుంచి, చెయ్యి కింద నుంచి వేయాలి. మా బడిలో ఎంతమంది గుంటలకి ఇలాగే పట్టు వచ్చిందో! తొక్కుడుబిళ్ల కూడా ఆడించండి, ఒంటికాలి మీద నిలకడ కుదురుతుంది.

ఇంకో మాట. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఒక్కసారిగా పొడుగైనప్పుడు బాగా ఆడే పిల్లలు కూడా కొన్నాళ్లు తడబడతారు. కాళ్లూ చేతులూ పెరిగిన కొలత ఒంటికి అలవాటు కావాలి కదా. అప్పుడు వాళ్లని తిట్టి మాన్పించేసిన తల్లిదండ్రుల్ని చూస్తే నాకు ఇప్పటికీ బాధే.

సీతమ్మధార ఫిజియో:
మాస్టారు చెప్పింది నిజం. దాంతోపాటు ముందు కళ్ల పరీక్ష చేయించండి. చొక్కా గుండీలు, చెంచా, పెన్సిల్, మెట్లు దిగడం ఎలా ఉన్నాయో గమనించండి. అన్నిట్లోనూ తోటి పిల్లలకంటే బాగా వెనకబడితే పిల్లల డాక్టరుకి చూపించాలి. బడి పిల్లల్లో నూటికి ఐదారుగురికి ఇలాంటి సమన్వయ లోపం ఉంటుంది, అది బద్ధకం కాదు. ఇదివరకు వచ్చిన పని రాకుండా పోయినా, ఒక పక్క చెయ్యో కాలో బలహీనంగా అనిపించినా ఆలస్యం చేయకండి. ఐదేళ్లు దాటిన పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఎంవీపీ అమ్మ:
గుండీలు వాడే పెట్టుకుంటాడు, రాత కూడా బాగానే ఉంది. శనివారం కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. నిన్న మేడ మీద బెలూన్ ఆడితే కళ్లు తెరిచే ఉంచాడు, కానీ గాలికి అది ఎటో పోతోంది. గుడ్డ బంతికి ఎప్పుడు మారాలి మాస్టారూ?

గాజువాక డ్రిల్లు మాస్టారు:
రోజులు లెక్కపెట్టకండమ్మా. పదిసార్లలో ఎనిమిదిసార్లు పట్టాక మార్చండి. మన సముద్రపు గాలికి మేడ మీద బెలూన్ నిలవదు. హాల్లో ఫ్యాను ఆపి ఆడించండి.