రైతుల ప్రశ్నలకు ఏఐతో జవాబులు ఇప్పించొచ్చా?

ప్రశ్న: గుంటూరులో చిన్న స్టార్టప్ మాది. మిర్చి రైతులు వాట్సాప్‌లో ఆకుల ఫోటో పెట్టి ఏ మందు కొట్టాలని అడుగుతారు, సీజన్‌లో మెసేజ్‌లు తట్టుకోలేకపోతున్నాం. చాట్‌బాట్ పెడదామంటే టెన్షన్‌గా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: స్టాక్ ఉందా, ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చింది లాంటివి బాట్‌కి వదిలేయండి. మందు పేరు, మోతాదు మాత్రం వద్దండీ. బాట్ డ్రాఫ్ట్ రాస్తే మీ వ్యవసాయ నిపుణుడు డబ్బా మీది లేబుల్‌తో సరిచూసి పంపాలి. లీటరుకి 2 మి.లీ. అనాల్సింది 20 అందంటే తోట మాడిపోతుంది, ఆ ఊళ్లో మీ మాట ఇంకెవరూ వినరు.

జవాబు 2: తప్పు బాట్‌ది అంటే చెల్లదు. ఎయిర్ కెనడా విమాన సంస్థ బాట్ టికెట్ రాయితీ గురించి తప్పు చెబితే, 2024లో అక్కడి ట్రిబ్యునల్ కంపెనీనే డబ్బు కట్టమంది.

జవాబు 3: ఫోన్ నంబర్లు, పొలం వివరాలు తీసేశాకే బయటి కంపెనీ ఏఐ మోడల్‌కి పంపండి. 2023 డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది. రైతుకి తెలుగులోనే చెప్పి సమ్మతి తీసుకోండి.