రీబూట్ అయితే రూటర్‌లో సాంబా సెట్టింగ్ పోతోంది, నిలిపేదెలా?

పర్లాకిమిడిలో మా ఇంటి ఫైబర్ రూటర్‌కి యూఎస్‌బీ డిస్క్ తగిలించి సాంబాతో (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే ప్రోగ్రామ్) షేర్ చేశాం. విండోస్ 10లో తెరుచుకుంటుంది. విండోస్ 11 ప్రో 24హెచ్2 అప్‌డేట్ అయ్యాక మాత్రం గెస్ట్ యాక్సెస్ (పాస్‌వర్డ్ లేకుండా లోపలికి రావడం) కుదరదంటోంది. ఈ షేరింగ్‌కి వాడే 445 పోర్టు తెరిచే ఉంది. రూటర్ పేజీలో యూజర్, పాస్‌వర్డ్ పెట్టినా అంతే. విండోస్ 10లో తప్పు పాస్‌వర్డ్ కొట్టినా ఫోల్డర్ వచ్చేస్తోంది, అంటే రూటర్ అందర్నీ గెస్ట్‌గానే రానిస్తోంది.

టెల్నెట్‌తో (కమాండ్లతో) రూటర్ లోపలికెళ్లి సాంబా సెట్టింగ్స్ ఫైల్ ఎస్‌ఎంబీ.కాన్ఫ్‌లో ‘మ్యాప్ టు గెస్ట్ = నెవర్’ (ఎవర్నీ గెస్ట్‌గా మార్చొద్దు) అని మార్చి, యూజర్‌ని చేర్చి, సాంబా రీస్టార్ట్ చేస్తే విండోస్ 11లోనూ తెరుచుకుంది! కానీ ఆ ఫైల్ ఉన్నది రీబూట్ అయితే చెరిగిపోయే టీఎంపీ (తాత్కాలిక) ఫోల్డర్‌లో. గాలివానకి కరెంటు పోయి వస్తే మళ్లీ పాత సెట్టింగే. లాప్‌టాప్‌లో గెస్ట్ లాగిన్ ఆన్ చెయ్యడం నాకిష్టం లేదు, భద్రత పోతుంది.

రూట్ ఫైల్‌సిస్టమ్ (అసలు సిస్టమ్ ఫైళ్లుండే చోటు) రీడ్-ఓన్లీ, అంటే మార్చడానికి వీల్లేనిది, అయిన ఇలాంటి రూటర్‌లో, రీబూట్ తర్వాత కూడా ఈ మార్పు నిలవాలంటే ఏం చెయ్యాలండీ?