తిక్కోడు వేరు, తిక్క రేగడం వేరు కదా? ఒక్క మాట దగ్గర ఆగిపోయా

బనశంకరి అక్క:
అందరికీ నమస్తే. చిన్న సాయం కావాలి. చిన్నదే అనుకుని మొదలుపెట్టా గానీ నాలుగు రోజులైంది రెండో పేజీ దాటలా. టీనేజ్ పిల్లల్లో బైపోలార్ (మనసు కొన్నాళ్లు మరీ పొంగి, కొన్నాళ్లు కుంగిపోయే జబ్బు) మొదట్లో ఎలా కనపడుతుంది, మెదడు స్కాన్లలో ఏం తెలుస్తోంది అని తల్లిదండ్రుల కోసం ఒక ఎనిమిది పేజీల కరపత్రం, మా ఏరియా పేరెంట్స్ గ్రూప్ వాళ్లు కన్నడం, తమిళం చేయించేశారు, మనదే మిగిలింది. బెంగుళూరులో దీనికి తెలుగెందుకు అనేవాళ్లు ఒక్కసారి హోసూర్ రోడ్డులో నిమ్హాన్స్ (మానసిక వైద్య ఆసుపత్రి) ఓపీ దగ్గర పొద్దున ఏడింటికి నిలబడి చూడండి, చిత్తూరు యాస, అనంతపురం యాస, హిందూపురం యాస అన్నీ ఆ క్యూలోనే వినపడతాయి.

నేను ఆగింది ‘ఎపిసోడిక్ ఇరిటబిలిటీ’ దగ్గర, అంటే వచ్చి పోయే చిరాకు. ‘ఖండకాలిక చిరాకుతనం’ అని రాసి మా అమ్మకి చదివి వినిపించా. ‘ఏ ఖండమే అది?’ అంది. కొట్టేశా.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అమ్మా, ‘విడతల చిరాకు’ అనొచ్చు కదా. విడత అంటే ఒకసారి వచ్చి, ఆగి, మళ్లీ వచ్చేది. అప్పు విడతలు, వాన విడతలు అంటాం.

కోలారోడు:
మాస్టారూ విడత అంటే మా పక్క చిట్టీ డబ్బులే గుర్తొస్తాయి 😀 అక్కా మేమైతే ‘వాడికి తిక్క రేగింది’ అంటాం, అంతే.

బనశంకరి అక్క:
తమ్ముడూ నువ్వన్న మాటే నాకు కావాల్సింది, ఎందుకో చెప్తా, కొంచెం పెద్దది, ఓపికుంటే చదవండి. మా అన్న కొడుకు, అప్పుడు పదహారు, ఫస్ట్ పీయూసీ. మామూలుగా నోట్లో నాలుక లేని పిల్లాడు. ఒక రాత్రి రెండింటికి వంటింట్లో లైటు వెలుగుతోందని మా అమ్మ లేచి చూస్తే వీడు అటక మీద స్టీలు డబ్బాలన్నీ దించి గట్టు మీద వరసగా పేర్చి నల్ల మార్కర్‌తో పేర్లు రాస్తున్నాడు, కందిపప్పు, తొగరిబేళె, తువరం పరుప్పు, అర్హర్ దాల్, నాలుగు భాషల్లో, ఒక్కో డబ్బాకీ. మూడు రాత్రులు అదే పని. పగలు ఆవలింత కూడా లేదు, కాలేజీకి ఉరుకులు పరుగులు. ఏందిరా అని అడిగితే ఇంటి పైకప్పు ఎగిరేలా అరుపు. మా వదిన పరీక్షల టెన్షన్ అంది, మా అన్న అంతా ఫోన్ వల్లే అన్నాడు, మొదట చూపించిన చోట అయిదు నిమిషాల్లో ‘ఈ వయసే అంతమ్మా’ అని పంపేశారు. రెండో డాక్టర్ దగ్గరికి మా అమ్మ కూడా వచ్చింది. ఆయన ‘పిల్లాడికి కోపం ఎక్కువా?’ అని అడిగాడు. మా అమ్మ ఏమందంటే, ‘సార్, వీడు తిక్కోడు కాదు. వీడికి తిక్క రేగింది. శివరాత్రి ముందు దాకా బంగారం.’ ఆయన రాస్తున్నది ఆపి గోడ క్యాలెండర్ వైపు చూసి శివరాత్రి తేదీ వెతికి కాగితం మీద వేసుకున్నాడు. అప్పట్నుంచే అసలు ప్రశ్నలు మొదలయ్యాయి.

ఇప్పుడు పిల్లాడు బాగున్నాడు, డిగ్రీ చేస్తున్నాడు, మందులు వేసుకుంటాడు. ధనియాల డబ్బా మీద ఆ మార్కర్ రాత ఇంకా పోలా, సబీనా పెట్టి తోమినా పోలా.

నైట్‌డ్యూటీ డాక్టరమ్మ:
అక్కా, మీ అమ్మగారు ఒక్క వాక్యంలో తేల్చేసిన తేడా మా వాళ్లకి ఒంటబట్టడానికి చానా ఏళ్లు పట్టింది. 1990ల్లో అమెరికాలో కొందరు డాక్టర్లు, పిల్లల్లో మేనియా (బైపోలార్ లో పొంగే విడత) పెద్దవాళ్లలాగా విడిగా వచ్చిపోదు, ఏడాది పొడుగూ చిరాకుగానే ఉంటుంది అని వాదించారు. దాంతో ఏమైందంటే ఎప్పుడూ చిటపటలాడే పిల్లలందరికీ బైపోలార్ పేరు తగిలించడం మొదలైంది, 1994-95కీ 2002-03కీ మధ్య అక్కడ పిల్లలు డాక్టర్ దగ్గరికెళ్లిన విజిట్లలో ఈ డయాగ్నోసిస్ దాదాపు 40 రెట్లు పెరిగింది. జబ్బు అంత పెరగదు కదా, పేరు పెట్టడం పెరిగింది. తర్వాత ఎలెన్ లైబెన్‌లుఫ్ట్ అనే ఆవిడ టీమ్, ఇంకా కొందరు, ఈ రెండు రకాల పిల్లల్నీ వేరు చేసి ఏళ్ల తరబడి చూశారు. ఎప్పుడూ చిరాకుగా ఉండేవాళ్లకి పెద్దయ్యాక ఎక్కువగా వచ్చింది డిప్రెషన్, యాంగ్జయిటీ, బైపోలార్ కాదు. అందుకే 2013లో డీఎస్ఎం-5 (అమెరికా డాక్టర్ల మానసిక జబ్బుల పుస్తకం) ఆ పిల్లలకి వేరే పేరే పెట్టింది. మేనియా అనాలంటే మనిషి తన మామూలు తీరు నుంచి మారినట్టు తెలియాలి, ఆ మార్పు కనీసం వారం ఉండాలి, హైపోమేనియా (అంత తీవ్రం కాని పొంగు) అయితే నాలుగు రోజులు. అంటే ‘ఎంత కోపం’ కన్నా ‘ఎప్పట్నుంచి’ ముఖ్యం.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
ఆహా. వ్యాకరణం ఇక్కడ వైద్యానికి పనికొస్తోంది చూశారా. ‘తిక్కోడు’ అన్నప్పుడు తిక్క మనిషికి అంటుకుపోయింది, పేరైపోయింది. ‘వాడికి తిక్క రేగింది’లో వాడు వేరు, తిక్క వేరు, మధ్యలో ‘కి’ ఉంది. జ్వరం వస్తుంది, దయ్యం పడుతుంది, పూనకం వస్తుంది, మత్తెక్కుతుంది, ఇవన్నీ వాడికి జరిగేవే, వాడు కాదు. పైగా ‘రేగు’ అనే క్రియ చూడండి, దుమ్ము రేగుతుంది, జుట్టు రేగుతుంది, మానిన పుండు మళ్లీ రేగుతుంది. రేగినదేదైనా అణిగేదే. విడత, ఎపిసోడ్, అంతా ఆ ఒక్క క్రియలోనే ఉంది.

చెన్నపట్నం వలసపక్షి:
బాగుంది గానీ అసలు జబ్బు పేరేం పెడుతున్నారు? ‘ద్విధ్రువ రుగ్మత’ అనైతే దయచేసి పెట్టకండి, మా పెరంబూరు వైపు ధ్రువం అంటే ధ్రువపత్రమే.

బనశంకరి అక్క:
బైపోలార్ అనే పెట్టా అన్నా, మందుల చీటీ మీద అదే ఉంటుంది, అదే తెలియాలి. కానీ నువ్వన్నాక ఒకటి తట్టింది. ధ్రువం అంటేనే స్థిరమైనది, కదలనిది, ధ్రువతార అందుకే. నిలకడ తప్పే జబ్బుకి రెండు ‘కదలనివి’ పెట్టి పేరు కట్టారు!

నైట్‌డ్యూటీ డాక్టరమ్మ:
ఆ పేరు వయసు కూడా పెద్దదేం కాదక్కా. ఒట్టి డిప్రెషన్ వచ్చేవాళ్లని, రెండువైపులా పోయేవాళ్లని వేరుచేస్తూ కార్ల్ లియోన్‌హార్డ్ అనే జర్మన్ డాక్టర్ 1957లో ఆ రెండు ధ్రువాల మాట తెచ్చాడు, డీఎస్ఎం పుస్తకంలోకి అధికారికంగా ఎక్కింది 1980లో. ఆయనకి వందేళ్ల ముందే 1850ల్లో ఫ్రాన్స్‌లో ఫాల్రే అనే డాక్టర్ దీన్ని ‘చక్రంలా తిరిగే పిచ్చి’ అన్నాడు. నాకైతే ఆ చక్రమే నచ్చుతుంది. ధ్రువాలంటే ఒకసారి ఒకచోటే ఉంటారనిపిస్తుంది, కానీ రెండూ కలగలిసి వచ్చే రోజులుంటాయి, ఏడుస్తూ కూడా కాలు నిలవదు, అవే ప్రమాదం.

చెన్నపట్నం వలసపక్షి:
అయితే ఆటుపోట్లు అనండి. పోటు పొంగేది, ఆటు తగ్గేది. మెరీనా పక్కన ఉన్నాం, ఆ మాత్రం మాకు తెలుసు.

కోలారోడు:
కోలారులో సముద్రం యాడుందన్నా 😂

బనశంకరి అక్క:
రెండో చిక్కు, నిద్ర. ఇంగ్లీషులో ‘నిద్ర అవసరం తగ్గడం’ అన్నట్టుంది. నేను ‘నిద్రలేమి’ అని రాశా.

నైట్‌డ్యూటీ డాక్టరమ్మ:
అది మాత్రం తప్పక్కా, మార్చాలి. నిద్రలేమి అంటే పడుకుంటాడు, దొర్లుతాడు, పట్టదు, పొద్దున మొహం పీక్కుపోతుంది. అది టెన్షన్‌లోనూ ఉంటుంది, డిప్రెషన్‌లోనూ ఉంటుంది. మేనియాలో మూడు గంటలు పడుకుని లేచి ‘నాకు చాలు’ అంటాడు, హుషారుగా ఉంటాడు. ‘నిద్ర పట్టట్లేదు’ వేరు, ‘నిద్ర అక్కర్లేదు’ వేరు. ఓపీలో నేను అడిగేదే అది, పట్టట్లేదా, అక్కర్లేదా? తెలుగువాళ్లయితే టక్కున చెప్తారు. ఇంకోటి, చానామంది పిల్లలకి మొదట వచ్చేది డిప్రెషనే, పొంగు తర్వాత వస్తుంది. అందుకే దిగులుగా ఉన్న పిల్లాడిని తెచ్చినా ఇంట్లో ఇంకెవరికైనా ఇలా పొంగి కుంగే జబ్బు ఉందా అని అడుగుతాం, మందు ఎంచుకోవడంలో తేడా వస్తుంది.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
ముందస్తు లక్షణాలకి మాత్రం మనకి పాత మాట తయారుగా ఉంది. ఆయుర్వేదంలో నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి అని అయిదు. రోగం బయటపడకముందు కనిపించేది పూర్వరూపం. (నిదానం అంటే అక్కడ రోగకారణం, మనమేమో నెమ్మది అనే అర్థంలో వాడుకుంటున్నాం, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.)

నైట్‌డ్యూటీ డాక్టరమ్మ:
మాట అందంగా ఉంది మాస్టారూ, కానీ తల్లిదండ్రుల కాగితంలో భయం. పూర్వరూపం అంటే వెనకాల రూపం వచ్చి తీరుతుందని కదా. అమ్మకో నాన్నకో బైపోలార్ ఉన్న పిల్లల్ని ఏళ్ల తరబడి చూసిన స్టడీలు ఉన్నాయి, పిట్స్‌బర్గ్‌లో ఒకటి, కెనడాలో, నెదర్లాండ్స్‌లో. జబ్బు వచ్చినవాళ్లలో కొందరికి అంతకుముందే యాంగ్జయిటీ, నిద్ర తేడాలు, ఊరికే మారిపోయే మూడ్, చిన్నచిన్న పొంగులు కనపడ్డాయి. నిజమే. కానీ అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే బిడ్డకి వచ్చేది పదిమందిలో ఒకరికి అటూ ఇటూగా, మిగతావాళ్లకి బైపోలార్ రాదు. వెనక్కి తిరిగి చూసినప్పుడే అది పూర్వరూపం, ముందు నుంచి చూస్తే వట్టి యాంగ్జయిటీ. 

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
ఒప్పుకున్నా. ఉపసంహరించుకుంటున్నా.

బనశంకరి అక్క:
ఇక స్కాన్ పేజీ. ‘అమిగ్డలా చిన్నదిగా ఉంది’ అని తెలుగులో రాస్తే ఏ తల్లయినా రేపే ఎమ్మారై తీయించమంటుంది.

నైట్‌డ్యూటీ డాక్టరమ్మ:
అమిగ్డలా అంటే మెదడులో భయం, కోపం లాంటివి చూసుకునే చిన్న భాగం, గ్రీకులో బాదంపప్పు, ఆకారం అట్లా ఉంటుందని. పక్కనే హిప్పోకాంపస్, అదేమో సముద్రపు గుర్రం. వాళ్లు తలకాయలో పప్పులు, గుర్రాలు పెట్టుకున్నారు, మనం భయపడుతున్నాం. బైపోలార్ ఉన్న టీనేజ్ పిల్లల గుంపుని, లేని గుంపుతో పోలిస్తే ఆ బాదం సగటున కొంచెం చిన్నది, అది చాలా స్టడీల్లో వచ్చింది. నుదుటి వెనక భాగం, అంటే పగ్గం పట్టుకునేది, దానికీ బాదానికీ మధ్య సంబంధం కూడా తేడాగా కనపడుతుంది. ఒక ప్రయోగంలో ఏ భావమూ లేని మామూలు మొహాల ఫొటోలు చూపిస్తే ఈ పిల్లలకి అవి ఎక్కువ కోపంగా, ఎక్కువ భయం పుట్టించేలా అనిపించాయి, ఆ టైములో అమిగ్డలా కూడా ఎక్కువ వెలిగింది. అక్కా మీ మేనల్లుడు ‘ఏంటలా చూస్తున్నావ్’ అని గొడవ పెట్టుకునేవాడా?

బనశంకరి అక్క:
రోజుకి పదిసార్లు. పాపం మా వదిన ఉప్పు డబ్బా కోసం చూసినా సరే.

నైట్‌డ్యూటీ డాక్టరమ్మ:
కానీ ఇదంతా గుంపుల లెక్క. రెండు గుంపుల కొలతలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, ఒక్క పిల్లాడి స్కాన్ చూసి వీడికి ఉంది, వీడికి లేదు అని ఎవరూ చెప్పలేరు. పైగా ఈ వయసులో మెదడు పైపొర పలచబడటం అందరికీ మామూలే. 2018లో ఎనిగ్మా అని చాలా దేశాల వాళ్లు కలిసి 6,500 మంది స్కాన్లు పోగేశారు, బైపోలార్ ఉన్నవాళ్లలో నుదురు, కణతల వైపు పొర ఇంకాస్త పలచన, లిథియం అనే మందు వేసుకునేవాళ్లలో ఆ పలచదనం తక్కువ. మన ఊళ్లోనూ నిమ్హాన్స్, ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) కలిసి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఇలాంటి జబ్బులున్న కుటుంబాల మీద పనిచేస్తున్నాయి. మామూలుగా ఎమ్మారై తీసేది వేరే జబ్బేమైనా ఉందేమోనని.

బనశంకరి అక్క:
సరే, ఇలా మారుస్తున్నా, తప్పుంటే తిట్టండి. ‘ముందస్తు లక్షణాలు’ తీసేసి ‘గమనించాల్సిన మార్పులు’. ‘మీ బిడ్డకి కోపం ఎక్కువా?’ తీసేసి ‘ఎప్పుడూ ఇంతేనా, లేక ఫలానా రోజు నుంచి ఇలా ఉన్నాడా? పండగో పెళ్లో గుర్తుంటే అదే చెప్పండి’. ‘నిద్రలేమి’ తీసేసి ‘నిద్ర పట్టట్లేదా, నిద్రే అక్కర్లేదంటున్నాడా?’ స్కాన్ పేజీలో పై లైనే ‘ఇది వందలమంది సగటు, మీ బిడ్డ కొలత కాదు’. చివర్లో టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్ లైన్) నంబర్ 14416, తెలుగులో మాట్లాడతారు. చిరాకు దగ్గర ‘తిక్క రేగడం’ అనే పెడతా. ఎవరో మర్యాదగా లేదంటారు, అననీ.

కోలారోడు:
అక్కా ఒక్క నిమిషం, మా అవ్వనడిగా. ‘రేగింది’ మీ మదనపల్లోళ్ల మాటంట, మా పక్క ‘తిక్క ఎక్కింది’ అనాలంట.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
ఎక్కిందీ మంచిదే, దిగుతుంది.

బనశంకరి అక్క:
అయితే రెండూ రాస్తా, మధ్యలో గీత పెట్టి. అవ్వకి నా దండం చెప్పు.