గంగా ఒప్పందం మళ్ళీ రాస్తే "ఇంతకు తగ్గకుండా" అన్న మాట ఉండాలా?

గుణుపురం గేజీ:
పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజీ దగ్గర గంగ నీళ్ళు పంచుకోడానికి భారత్, బంగ్లాదేశ్ 1996 డిసెంబరు 12న చేసుకున్న ఒప్పందం ముప్పై ఏళ్ళది. 2026 డిసెంబరుతో గడువు తీరుతుంది. కొత్తదాంట్లో కింది దేశమైన బంగ్లాదేశ్‌కి కనీసం ఇంత అని రాయాలా, వచ్చినదాంట్లో వాటా చాలా? నా మటుకు కనీసం రాయాల్సిందే. 1977 ఒప్పందంలో ఆ హామీ ఉండేది. నది ఎంత చిక్కినా పట్టికలో రాసిన వాటాలో 80 శాతానికి తగ్గకుండా వదలాలి. 1982లో దాన్ని తీసేశారు, 1996లోనూ మళ్ళీ పెట్టలేదు. వంశధార ఒడ్డునా గోదావరి ఒడ్డునా ఉన్నవాళ్ళకి ఇది పరాయి గొడవ కాదు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

కాశీనగర్ గట్టు:
హామీ లేదని ఎవరన్నారు మాస్టారూ? పట్టిక చూడండి. జనవరి 1 నుంచి మే 31 దాకా పది రోజులకో లెక్క. ఫరక్కాకి 70 వేల క్యూసెక్కులు గానీ అంతకు తక్కువ గానీ వస్తే చెరి సగం. 70, 75 వేల మధ్యయితే బంగ్లాదేశ్‌కి 35 వేలు, మిగతాది మనకి. 75 దాటితే మనకి 40 వేలు, మిగతాది వాళ్ళకి. దానిమీద మార్చి 11 నుంచి మే 10 దాకా పది రోజులు వాళ్ళకి, పది రోజులు మనకి వంతులేసుకుని 35 వేలు ఖాయం. ఏప్రిల్ 1 నుంచి 10 వాళ్ళ వంతు. ఆ పది రోజుల్లో 30 టీఎంసీలు పోతాయి. దాన్నేమంటారు మరి?

గుణుపురం గేజీ:
ఏప్రిల్ మొదటి పదిలో 55 వేలు వస్తే వాళ్ళకి 35, మనకి 20. ఒప్పుకున్నాను. 45 వేలే వస్తే? 50 వేల లోపుకి పడితే రెండు ప్రభుత్వాలూ వెంటనే మాట్లాడుకోవాలి అని ఉంది, అంతే. ఏం వదలాలో లేదు. అసలు కరువొచ్చిన రోజునే చేతులెత్తేసే హామీ అది.

కాశీనగర్ గట్టు:
90 శాతం నిబంధన మీరు చెప్పకుండా వదిలేశారు.

గుణుపురం గేజీ:
వదల్లేదు, అది ఇక్కడ పనికిరాదు. సమీక్షకి కూర్చుని వాటాల మార్పు కుదరకపోతే, కుదిరేదాకా బంగ్లాదేశ్ వాటాలో 90 శాతమైనా వదలాలన్నది ఆ నిబంధన. ఆ వాటా కట్టేది మళ్ళీ అదే సూత్రం మీద. నది తగ్గితే వాటా తగ్గుతుంది, దాంతోపాటు దాని 90 శాతమూ తగ్గుతుంది.

అంకీస పోరడు:
మీరిద్దరు ఎండకాలం నీళ్ళే పంచుకుంటున్నరు. వానకాలం నీళ్ళు ఎవరి వాటా అన్నా?

కాశీనగర్ గట్టు:
వరద గురించి వేరే చర్చ పెట్టు తమ్ముడూ. 90 శాతం మాట ఒప్పందంలో ఉందా లేదా, అది తేలనీ.

సిరోంచ రేవు:
వేరే ఎందుకు? నది ఒక్కటే గదా. మా గోదావరి ఒడ్డు సిరోంచ దిక్కు ముంచింది పైనోళ్ళు కాదు, కింద కట్టిన మేడిగడ్డ బ్యారేజీ. కాయితం మీద ముంపు గీత బల్లలెక్క చదునుగ గీస్తరు: ఫలానా మట్టం దాకా భూమి తీసుకుంటం, ఆ పైన మీదే అని. వరదల నీళ్ళు చదునుగ ఉండయి. బ్యారేజీ కాడ ఒక మట్టం ఉంటె, ఎగువకు పోయినకొద్ది ఏటవాలుగ లేస్తయి. ఇసుక మేటేస్తె ఇంకింత లేస్తయి. వరద తీస్తున్నప్పుడు గేట్లు తొందరగ దించితె చేన్లల్ల నీళ్ళు దిగయి. మిర్చి తోట రెండు మూడు దినాలు నీళ్ళల్ల నిలిస్తె వేరు కుళ్ళిపోతది, తర్వాత ఎండ కాసినా లేవది. గీతకు ఆవల మునిగిన చేనుకు ఆ కాయితంల పేరే లేదు.

నేపాల్ నుంచి బీహార్‌కు వచ్చే కోసి నది సంగతి చూడుండ్రి. 1954ల నేపాల్‌తో ఒప్పందమైంది. కట్ట నేపాల్ భూమిల, దాన్ని చూసుకునే పని మనది. 2008 ఆగస్టు 18న కుసహా కాడ తెగింది. కట్ట 9.5 లక్షల క్యూసెక్కులకు కట్టింది, తెగిన దినం నదిల ఉన్నది లక్షన్నర కూడ లేదు. కట్టను కాపాడే స్పర్లు (నదిలకు పొడుచుకొచ్చే అడ్డు కట్టలు) కోసుకపోతుంటె టైముకు రాళ్ళు, కూలీలు సరిహద్దు దాటి పోయి పడలే. అండ్ల పంపకం గొడవే లేదు. మీ శాతాలు దాన్ని ఆపుతయా?

పర్లాకిమిడి బావ:
ఇది మంచి పాయింటు. పైవాళ్ళిద్దరూ చూడనట్టు నటిస్తారు, చూడండి.

గుణుపురం గేజీ:
నటించను. కానీ ముందు కొలత. 50 వేలు అన్న గీత మీదే అంతా ఆధారపడితే, 48 ఉందా 52 ఉందా చెప్పగలగాలి. నదిని అడ్డంగా పాతిక ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో లోతు చూసి, పైనుంచి పదింట ఆరు వంతుల లోతులో నీటి వేగం కొలిచే కరెంట్ మీటరు దించుతారు. లోతు ఎక్కువుంటే రెండు వంతుల దగ్గరా ఎనిమిది వంతుల దగ్గరా తీసి సగటు కడతారు. రోజూ ఇంత పని ఎక్కడ కుదురుతుంది? అందుకని గేజీ అనే కొలబద్ద మీద నీటి మట్టం చదివి, ఏ మట్టానికి ఎంత ప్రవాహమో పాత కొలతలతో గీసిన రేటింగ్ కర్వ్ మీద చూస్తారు. ఇసుక నదిలో చిక్కంతా ఇక్కడే. అడుగున మేట పడితే అదే మట్టానికి నీళ్ళు తక్కువుంటాయి, పాత కర్వ్ మాత్రం ఎక్కువ చూపిస్తుంది. కిలోమీటరు వెడల్పున, సెకనుకి మీటరు వేగంతో పారే చోట పది సెంటీమీటర్ల తేడా వస్తే 3,500 క్యూసెక్కులు! అందుకే ఫరక్కా దిగువన, అక్కణ్ణుంచి మన వైపు నీళ్ళు తీసుకెళ్ళే ఫీడరు కాలువలో, పడవలు దాటే లాకు దగ్గర, అవతల బంగ్లాదేశ్‌లో హార్డింజ్ వంతెన దగ్గర ఉమ్మడి బృందాలు కొలవాలని రాసుకున్నారు.

కాశీనగర్ గట్టు:
కొలత, కొలత, కొలత. అన్నీ ఫరక్కాకి వచ్చాక! దానికి పైన ఉత్తరప్రదేశ్‌లో, బీహార్‌లో కాలువలకీ బోర్లకీ పోయింది ఏ గేజీలో పడింది? మీ 80 శాతం మళ్ళీ రాస్తే ఎవడి పొలం ఎండగట్టి వదులుతారు?

గుణుపురం గేజీ:
ఓహో. హామీ ఉందని ఇందాకటిదాకా వాదించింది మీరే. ఇప్పుడు హామీ వద్దంటున్నారు.

కాశీనగర్ గట్టు:
వద్దనే అంటున్నాను, వినండి. ఆ పట్టిక 1949 నుంచి 1988 దాకా ఫరక్కాకి వచ్చిన నీళ్ళ సగటు. ఆ సగటు నిలబెట్టడానికి పైదేశం అన్ని ప్రయత్నాలూ చెయ్యాలని రాశారు. అంటే ఆ నలభై ఏళ్ళలో కాలువ తవ్వుకోలేనివాడు ఇక తవ్వుకోకూడదా? ముందు వాడుకున్నవాడిది హక్కు, వెనకబడ్డవాడిది దొంగతనమా? వంశధారలో 115 టీఎంసీలు ఒడిశాకీ ఆంధ్రకీ చెరి సగం అని 2017లో ట్రిబ్యునల్ తేల్చింది. మా ఒడిశా తన సగం ఇంకా పూర్తిగా వాడుకోలేదు. రేపు కిందివాళ్ళు "మాకు అలవాటైన నీళ్ళు" అంటే ఒప్పుకోవాలా? నేను ఇందాకట్నుంచి అడుగుతున్నది ఇదే.

పర్లాకిమిడి బావ:
ఇదే మొదట్లో చెప్పి ఉంటే సగం పోస్టులు మిగిలేవి గురువా.

గుణుపురం గేజీ:
హక్కు సగం ఉంటే సగం వాడుకోండి, ఎవరు కాదన్నారు? కానీ పైవాడు రేపు ఎంత తీస్తాడో తెలియకపోతే కిందివాడు రబీకి నారు పోసుకోలేడు. కనీసం వద్దంటే గరిష్ఠం రాయండి. వంశధార మీది నేరడి బ్యారేజీలో ఆంధ్రకి నీళ్ళిచ్చే కుడి తలుపులు 8 టీఎంసీలు తీసుకున్నాకో నవంబరు 30కో, ఏది ముందైతే అప్పుడు మూసెయ్యాలని అదే ట్రిబ్యునల్ పెట్టింది. తీసుకునేవాడికి హద్దు, తేదీ రెండూ ఉన్నాయి. ఫరక్కా పైన ప్రతి పెద్ద కాలువ తలకీ అలాంటిది పెట్టమనండి.

కాశీనగర్ గట్టు:
అది కిందివాడు తీసుకునేదానికి పెట్టిన హద్దు. తిప్పి పైవాడి మెడకి కట్టకండి.

సిరోంచ రేవు:
మళ్ళ వరద పక్కకు పోయింది. ఒక్కటే అడుగుత. చైనా 2002ల చేసుకుని తర్వాత పొడిగించిన ఒప్పందం ప్రకారం బ్రహ్మపుత్ర మీద మూడు స్టేషన్ల నీటి లెక్క ఏటా వానకాలంల మనకు పంపాల్సి ఉండె, 2023ల దాని గడువు తీరింది. 2017ల డోక్లాం సరిహద్దు గొడవైన ఏడాది పంపలే. అట్ల మానేస్తె ఏ కాయితం అడుగుతది?

కాశీనగర్ గట్టు:
ఏదీ అడగదు అన్నా. ఎవరికి కోపమొస్తే వాళ్ళే పక్కన పెడతారు. 2025 ఏప్రిల్‌లో మనం సింధు ఒప్పందాన్ని పెట్టలేదా?

గుణుపురం గేజీ:
సింధు ఇక్కడికి తేకండి, వందో పోస్టుకి కూడా తెమలదు. మీరు గరిష్ఠానికి ఒప్పుకుంటారా లేదా, అది చెప్పండి.

కాశీనగర్ గట్టు:
మా సగం కాలువలు తవ్వుకున్నాక అడగండి.