క్లాక్‌వర్క్ ఆరెంజ్ సగంలో ఆపేశాను, పూర్తిగా చూసినవాళ్ళు చెప్పండి

గోదారిగట్టు:
రాత్రి ఒక్కణ్ణే కూర్చుని స్టాన్లీ కుబ్రిక్ తీసిన ఇంగ్లిష్ సినిమా 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' పెట్టాను. కుబ్రిక్ సినిమాల్లో అంతకుముందు చూసింది '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' ఒక్కటే, ఆ ధైర్యంతోనే మొదలెట్టా. నలుగురు కుర్రాళ్ళు ముసుగులేసుకుని రచయిత ఇంట్లో దూరి, ఆయన్ని తన్నుతూ, ఆయన భార్య బట్టలు కత్తిరిస్తూ ఉంటే వాళ్ళ నాయకుడు అలెక్స్ హాయిగా 'సింగిన్ ఇన్ ద రెయిన్' పాడతాడే, అక్కడ ల్యాప్‌టాప్ మూసేశా. నెత్తురు చూసి కాదు, మన సినిమాల్లో అంతకు పదింతలు పారుతుంది. ఆ పాట నాకు చాలా ఇష్టం, అదీ బాధ. మిగతాది చూడమంటారా?

పాతరీలు:
ఆ పాట స్క్రిప్టులో లేదండి. ఆ సీను ఎలా తీసినా చప్పగా వస్తోందని రోజుల తరబడి తల పట్టుకున్న కుబ్రిక్, చివరికి అలెక్స్ వేషం వేసిన మాల్కమ్ మెక్‌డోవెల్‌ని డ్యాన్సు వచ్చా అని అడిగాడు. అతను నోటికొచ్చిన పాట అందుకుని, పాడుతూ తన్నడం మొదలెట్టాడు. కుబ్రిక్ వెంటనే పాట హక్కులు కొనిపించాడు.

ఆ వేషమూ అలా కుదిరిందే. మెక్‌డోవెల్ దగ్గర క్రికెట్ తెల్లబట్టలుంటే అవే వేయించి, లోపల పెట్టుకోవాల్సిన గార్డును పైన తగిలించుకోమన్నాడు. మన గల్లీ క్రికెట్‌లో ఎవడైనా అలా దిగితే బంతి వెయ్యకుండానే ఇంటికి పంపించేవాళ్ళం.

నేను మొదట చూసింది వీడియో క్యాసెట్లో, కాపీకి కాపీ. రంగులు కారిపోయి, తెలుపూ ఎరుపూ తప్ప ఏమీ ఆనలేదు. ఆ బొమ్మలు మాత్రం ఇప్పటికీ వదల్లేదు.

రష్యా రిటర్న్:
నేను మెడిసిన్ రష్యాలో చదివా. హాస్టల్లో మా తెలుగు బ్యాచ్ అంతా కలిసి చూశాం, మొదటి సీనుకే పడీ పడీ నవ్వాం. అలెక్స్ జట్టు మాట్లాడే యాస నిండా రష్యన్ మాటలే. కొరోవా మిల్క్ బార్ అంటే ఆవు పాల బార్! మొలొకో పాలు, ద్రూగ్ స్నేహితుడు, గ్లాజ్ కన్ను. మెస్‌లో మొదటి నెలలో నేర్చుకున్న మాటలే. బాగుంది అనడానికి వాళ్ళు 'హారర్‌షో' అంటుంటారు కదా, అది రష్యన్ 'ఖరషో'. మంచి అనే మాటలోంచే భయం వినపడేలా మలిచాడు నవల రాసిన ఆంటొనీ బర్జెస్. ఆ యాస పేరు నాద్సత్. రష్యన్‌లో పదకొండు నుంచి పంతొమ్మిది దాకా అంకెలకు వచ్చే తోక అది, ఇంగ్లిష్ 'టీన్' లాంటిది. నవల 1962లో వచ్చింది, అమెరికా, రష్యా కత్తులు నూరుకుంటున్న కాలం. అప్పుడు ఇంగ్లిష్ పిల్లల నోట రష్యన్ మాటలు పెట్టడం చిన్న కొంటెతనం కాదు.

ఒకసారి సరదాకి తెలుగు సబ్‌టైటిల్స్ రాద్దామని కూర్చున్నా. ద్రూగ్‌ని మామా అనాలా, దోస్తు అనాలా? ఏది పెట్టినా అలెక్స్ మా వీధి చివర కిళ్ళీకొట్టు దగ్గర కుర్రాడైపోతున్నాడు, భయం పోతోంది. పది నిమిషాల సినిమా కూడా దాటలేకపోయా.

గోదారిగట్టు గారూ, ముందు అలెక్స్‌ని మార్చడానికి, రెప్ప పడకుండా కళ్ళకు క్లిప్పులు పెట్టి హింస సినిమాలు చూపించే సీను ఉంది, సిద్ధంగా ఉండండి. పక్కన నిలబడి చుక్కలు వేసేవాడు నిజం డాక్టరే. రెప్ప పడకపోతే కార్నియా ఎండిపోతుందని పెట్టారు. అయినా మెక్‌డోవెల్ కార్నియా గీసుకుపోయింది.

ఓరుగల్లు:
మనకాడ 1989ల సైకిల్ చైన్ సినిమా 'శివ' వచ్చినంక మా అన్నోళ్ళ హాస్టల్ల ఒక్క సైకిల్ సక్కగ లేకుండె. మా అన్న సుత గుంజిండు. చైన్ తెగలే, చేతులకు గ్రీజు అంటింది, మా బాపుతోని దెబ్బలు వడ్డయి. గందుకే సినిమా చూసి పోరగాండ్లు ఖరాబైతరంటే నేను నమ్మ. మరి కుబ్రిక్ తన సినిమా తనే ఎందుకు వాపస్ తీసుకున్నడు?

థేమ్స్ పక్కన:
బ్రిటన్‌లో మాత్రమే తమ్ముడూ. 1972 జనవరిలో ఇక్కడ విడుదలైంది, సెన్సార్ ఒక్క ముక్క కత్తిరించకుండా పెద్దలకు మాత్రమే అనే ఎక్స్ సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ తర్వాత కుర్రాళ్ళు ఎక్కడ ఎవర్ని కొట్టినా పేపర్లూ, కోర్టులో లాయర్లూ ఈ సినిమా పేరే ఎత్తారు. కుబ్రిక్ పుట్టింది న్యూయార్క్‌లోనే అయినా ఇల్లూ పిల్లలూ ఇంగ్లండ్‌లో. ఇంటికి బెదిరింపులొచ్చాయి. 1973లో వార్నర్ బ్రదర్స్‌కి చెప్పి ఆపించేశాడు. డబ్బులు తెస్తున్న సినిమాని దర్శకుడు అడిగాడని ఆపిన స్టూడియో ఇంకోటి ఉందేమో చెప్పండి. 1992లో లండన్ కింగ్స్ క్రాస్‌లో స్కాలా అనే థియేటర్ అనుమతి లేకుండా వేస్తే కోర్టుకీడ్చారు, 1993లో అది మూతపడింది. 1999 మార్చిలో ఆయన పోయాక, 2000లో మళ్ళీ తెరమీదికొచ్చింది. నేను అప్పుడు చూశా. మా ఆసుపత్రిలో ఒక సీనియర్ ఆయన, దీనికోసమే పారిస్ వెళ్ళొచ్చానని ప్రతి క్రిస్మస్ పార్టీలో చెప్పేవాడు.

అలెక్స్ తన జట్టువాళ్ళని నీళ్ళలోకి తోసే చోటు లండన్ థేమ్స్‌మీడ్‌లో సౌత్‌మియర్ చెరువు. అది సెట్ కాదు, అప్పటికి కొత్తగా కట్టిన ప్రభుత్వ ఇళ్ళ కాలనీ. మొన్నీమధ్య మా అబ్బాయితో వెళ్ళా. ఆ కాంక్రీటు బ్లాకులు చాలావరకు కూల్చేశారు. బాతులున్నాయి.

నా పేచీ వేరు. అలెక్స్‌కి నొప్పి పుడితే కెమెరా అతని కంట్లోకి దూరుతుంది. రచయిత భార్య చనిపోయిందన్న కబురు మాత్రం ఒక మాటలో తేలిపోతుంది. అలెక్స్ చేతిలో చచ్చిపోయే పిల్లులావిడ పుస్తకంలో ముసలావిడ. సినిమాలో ఆమె ఇంటినిండా బూతుబొమ్మలు పెట్టి, మనకు జాలి కలక్కుండా చూసుకున్నాడు. 1944లో, యుద్ధకాలపు లండన్‌లో, బర్జెస్ భార్య మీద అమెరికన్ సైనికులు దాడి చేశారు. పుస్తకంలో రచయిత ఇంటి సీను ఆ పుండులోంచి వచ్చింది. తెరమీద ఆ పుండు నాకు కనిపించలేదు.

పాతరీలు:
మేడమ్, కథ చెబుతున్నది అలెక్స్. వాడు చూసినట్టే చూపించాడు కుబ్రిక్, వాడికి ఆడవాళ్ళంటే బొమ్మలే. అందుకే అంత వెడల్పు లెన్సులు, మనుషులు వంకరగా కనబడతారు.

థేమ్స్ పక్కన:
వాడి కళ్ళతో చూపించడం సరే. వాడితో పాటు మనల్ని నవ్వించడం ఎందుకండీ?

పాతరీలు:
దానికి నా దగ్గర జవాబు లేదు. నేనూ నవ్వాను. వాడు నోరు తెరిచి అన్నం తినిపించుకునే చివరి సీనులో మరీ.

పుస్తకంలో 21 అధ్యాయాలు. అప్పట్లో 21 అంటే మేజరయ్యే వయసు, బర్జెస్ లెక్కేసుకుని పెట్టాడు. చివరిదాంట్లో అలెక్స్‌కి కొట్లాటల మీద విసుగొచ్చి, పెళ్ళి, కొడుకు అని ఆలోచిస్తాడు. అమెరికన్ ప్రచురణకర్త అది తీసేశాడు, కుబ్రిక్ పట్టుకుంది ఆ ప్రతే. తర్వాత చదివినా అతకలేదన్నాడు. నాకైతే కుబ్రిక్‌దే రైటనిపిస్తుంది. మా పేటలో ఒకడు పెళ్ళయ్యాక ఇంకా ముదిరాడు.

ఓరుగల్లు:
గది మాత్రం నిజం అన్నా.

గోదారిగట్టు:
మిగతాది ఇందాక చూశా. హాల్లో టీవీలో పెట్టడం తప్పైంది. క్లిప్పుల సీను నడుస్తుంటే అమ్మ ఉల్లిపాయల పళ్ళెం పట్టుకుని వచ్చి నిలబడింది. "ఎవర్రా ఆ అబ్బాయి, కంటి ఆపరేషనా?" అంది. ఊ అన్నాను. ఇంకాసేపు చూసి, "డాక్టరు చుక్కలేస్తున్నాడుగా, తగ్గిపోద్దిలే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.