నక్షత్రం ముందు అడ్డం వచ్చింది గ్రహమేనని ఎట్లా తేలుస్తారు?

బత్తాయితోట:
మాది దేవరకొండ దగ్గర. మొన్న రాత్రి తోటలో మోటారు వేయడానికి పోతుంటే ఎనిమిదో తరగతి చదివే బిడ్డ వెంట వచ్చింది. ఆ చుక్కలకూ గ్రహాలుంటాయని చెప్పాను. "నువ్వు చూసినవా నాయినా?" అంది. చాలావాటిని ఎవరూ నేరుగా చూడలేదు, గ్రహం అడ్డం వచ్చినప్పుడు నక్షత్రం వెలుగు కొంచెం తగ్గుతుంది, దాన్నిబట్టి చెప్తారు అన్నాను. అంతలో స్టార్టర్ డబ్బా పైన బల్బు ముందు నుంచి రెక్కల పురుగొకటి పోయింది. గోడ మీద నీడ కదిలింది. "మరి ఇదీ గ్రహమేనా?" నా దగ్గర జవాబు లేదు. మీరైనా చెప్పండి.

పాలమూరు ఫిజిక్స్ సార్:
అన్నా, ఆ అనుమానం సైంటిస్టులకూ ఉంటుంది. మొదట చూసేది టైం. రెండోసారి ఎన్ని రోజులకు అడ్డం వచ్చిందో, మూడోసారీ అన్ని రోజులకే రావాలి. తగ్గే వెలుగు కూడా పిసరంతే. గురుడంతటి గ్రహం సూర్యుడంతటి నక్షత్రం ముందుకొస్తే నూటికి ఒక వంతు. భూమంతటిదైతే పదివేలకు ఒక వంతు కూడా ఉండదు.

టైం కుదిరినా చాలదు. గ్రహం కాక ఇంకో చిన్న నక్షత్రం దాని చుట్టూ తిరుగుతున్నా వెలుగు అట్లాగే తగ్గుతుంది. అందుకే అడ్డం వచ్చినదాని బరువు తూస్తారు. బిడ్డ చిన్నప్పుడు రెండు చేతులు పట్టుకుని గిరగిరా తిప్పే ఉంటారు. మీరూ వెనక్కి వాలి, కాళ్లతో చిన్న సున్నా చుట్టారు కదా? పిల్ల బరువును బట్టే మీ ఊపు. నక్షత్రమూ అంతే. మనవైపు ఊగినప్పుడు దాని వెలుగు కాస్త నీలం వైపు, అవతలికి ఊగితే ఎరుపు వైపు జరుగుతుంది. 1995లో మేయర్, కెలోజ్ అనే స్విస్ సైంటిస్టులు 51 పెగాసి అనే నక్షత్రం చుట్టూ 4 రోజులకోసారి తిరిగే గ్రహాన్ని పట్టుకున్నది ఈ ఊపుతోనే, వెలుగు తగ్గడం చూసి కాదు.

మన దగ్గరిది చెప్తా. ఒక నక్షత్రం వెలుగు 19.5 రోజులకోసారి తగ్గడం కెప్లర్ టెలిస్కోపు చూసింది. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, అంటే పీఆర్‌ఎల్ వాళ్లు మౌంట్ అబూలో పారస్ అనే పరికరంతో దాని ఊపు కొలిచి, 2018లో గ్రహమేనని తేల్చారు. బరువు 27 భూములంత, వ్యాసం భూమికి 6 రెట్లు. లెక్కేస్తే నీళ్లకన్నా తేలిక! మీ బత్తాయిలా తేలుతుంది, అంత తొట్టి దొరకాలంతే.

నల్లగొండ పెద్దాయన:
జంట నక్షత్రాల మాట వచ్చింది గనుక. మన హైదరాబాద్ దగ్గరి రంగాపురంలో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల 48 అంగుళాల టెలిస్కోపుతో ఒకదాన్నొకటి కప్పుకునే అట్లాంటి జంటల మీద పని చేశారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణానికి సైంటిస్టులు అక్కడికి వెతుక్కుంటూ వచ్చారు. ఇక్కడేమో మా నాయనమ్మ తలుపులేసి గొళ్లెం పెట్టింది. ఆ కోపం నాకింకా పోలేదు.

బత్తాయితోట:
సార్, చేతులు పట్టి తిప్పమంది, తిప్పాను. నడుం పట్టేసింది. నిన్న రాత్రి బల్బు దగ్గర కూర్చుని ఫోన్లో సెకన్లు లెక్కపెట్టింది: 7, 31, 12. "దీనికి టైం లేదు నాయినా, పురుగే" అని తేల్చేసింది.